పెన్‌గంగ ఒడ్డు వంటిల్లు

పెన్‌గంగ నది ఒడ్డున, ఆదిలాబాద్ జిల్లా బేల, జైనథ్ వైపు అత్తగారు తెలుగులో అడిగితే కోడలు మరాఠీలో జవాబివ్వడం ఎవరికీ వింత కాదు. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కిన్వట్, రాజురా తాలూకాలను ఈ జిల్లా నుంచి విడదీసి అప్పటి బొంబాయి రాష్ట్రానికి ఇచ్చింది. పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు మాత్రం ఆగలేదు. అందుకే ఇక్కడ జొన్నరొట్టె పక్కన మరాఠీ ఇళ్ల శనగపిండి పిట్ల ఉంటుంది, పొలాల అమావాస్య వస్తే ఎడ్ల కొమ్ములకు రంగులు పడతాయి. ఇలాంటి ఇంటిని సగం తెలుగు, సగం మరాఠీ అనడం మనకు అలవాటైపోయింది. ఆ లెక్కే సరికాదు. ఏ పాలు ఎంత అని కాదు, కలిపిన చెయ్యి ఎవరిదని అడగాలి. ఉదాహరణకు ఫిలిప్పీన్స్ వంటలనే చూడండి: పాన్సిట్ అనే నూడుల్స్ చైనా నుంచి వచ్చింది, అడోబో అనే మాంసం వంటకానికి పేరు స్పానిష్‌ది. అమెరికాలో స్థిరపడిన ఫిలిపినో కుటుంబాలు ఆ రెండింటినీ తమ ఇంటి వంటలుగానే పిల్లలకు పెడతాయి.

మన దగ్గరా అంతే. నిర్మల్‌లో కొయ్యబొమ్మలు చేసే నకాషీ కుటుంబాలు తమ పెద్దలు రాజస్థాన్ నుంచి వచ్చారని చెప్పుకుంటాయి. వాళ్ల చేతిలో పడింది మాత్రం ఈ అడవుల పొణికి కర్ర. చెక్కిన ముక్కల అతుకుల్లో రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపి మెత్తుతారు, సుద్ద పూసి నున్నగా రుద్దాకే రంగు వేస్తారు. వాళ్ల చిత్రాల్లో అజంతా ఛాయ ఉంది, మొఘల్ ఛాయ ఉంది. అయినా వాటికి నిర్మల్ అన్న పేరే నిలిచింది. ఇంతకంటే బలమైన సాక్ష్యం పర్ధాన్లు. గోండుల వంశగాథలను కిక్రి అనే తీగవాద్యం వాయిస్తూ గోండీలో గానం చేసేది వీళ్లే. కానీ వీళ్లలో చాలామంది ఇంటి భాష మరాఠీ అని మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1940లలోనే గుర్తించాడు. ఒక జాతి జ్ఞాపకాన్ని ఇంట్లో మరో భాష మాట్లాడేవాళ్లు తరతరాలుగా కాపాడారు. వీళ్లను ఏ సగంలో వేస్తాం?

కలయికను ఇలా మెచ్చుకునే మాటలు అసమానతను కప్పిపుచ్చుతాయని ఆక్షేపించవచ్చు. అది న్యాయమైన ఆక్షేపణే. తెలుగు మాధ్యమం బడిలో కూర్చున్న గోండు పిల్లవాడు ఆ కలయికను కోరుకోలేదు, అతని మీద అది పడింది. నేను చేయి ఎవరిదని అడిగింది అందుకే. చాలామంది సారాతోనే ముడిపెట్టి చూసిన ఇప్పపువ్వును ఉట్నూరు ఆదివాసీ మహిళలు పల్లీలు, నువ్వులు, బెల్లంతో కలిపి లడ్డూలు కడుతున్నారు. ఈ కలపడం వాళ్ల నిర్ణయం. బడిలో జరిగేది ఆ పిల్లవాడి నిర్ణయం కాదు. అన్నీ కలుపుకుంటూ పోతే మనదంటూ ఏం మిగులుతుందని భయపడేవాళ్లూ ఉన్నారు. వాళ్లు పర్ధాన్ల వైపు చూడాలి. మరాఠీ మాట్లాడినందువల్ల గోండుల గాథ పోలేదు. పోషించే చేతులు తగ్గితే పోతుంది. గోండు గూడేల బడుల్లో పాఠం చెప్పడానికి పర్ధాన్ కళాకారులను జీతమిచ్చి, కిక్రితో సహా పిలవాలి.