వేసవి సినిమాలో పిల్లల వాటా

ఆస్ట్రేలియాలో స్థిరపడిన తెలుగు కుటుంబానికి ముందుగా తారుమారయ్యేది ఋతువుల లెక్క. ఉగాది ఆకురాలు కాలంలో వస్తుంది. దీపావళి వసంతంలో వస్తుంది. సంక్రాంతి సరిగ్గా నడివేసవిలో పడుతుంది. బడులకు దీర్ఘమైన సెలవులు డిసెంబరు మూడవ వారం ప్రాంతాన మొదలై జనవరి చివరి దాకా సాగుతాయి. కనుక ‘వేసవి సినిమా’ అన్న మాటకు ఒకే ఇంట్లో రెండు అర్థాలు ఏర్పడతాయి. తల్లిదండ్రులకు అది ఏప్రిల్, మే నెలల జ్ఞాపకం: పరీక్షలు ముగిసిన సాయంత్రం, గోడ మీద కొత్త పోస్టరు, విరామంలో గోలీసోడా, ఆట వదిలాక పిల్లలంతా కలిసి వల్లించిన సంభాషణలు. మెల్బోర్న్‌లోనో సిడ్నీలోనో పుట్టిన పిల్లలకు మాత్రం అది క్రిస్మస్ మరునాడు, బాక్సింగ్ డే నాడు, విడుదలయ్యే హాలీవుడ్ చిత్రం. ఈ రెండు వేసవులూ కలిసే చోటు ఒక్కటే ఉంది. అది సంక్రాంతికి వచ్చే తెలుగు చిత్రం.

ఆ కలయిక వల్ల పిల్లలకు దక్కుతున్నదేమిటన్నది ప్రశ్న. 2016 జనాభా లెక్కలలో ఆస్ట్రేలియాలో ఇంట తెలుగు మాట్లాడేవారు 34 వేల పైచిలుకు ఉండగా, 2021 నాటికి ఆ సంఖ్య దాదాపు 59 వేలకు చేరింది. పెద్ద చిత్రాలు ఇప్పుడు హైదరాబాదుతో పాటే ఇక్కడి తెరలపైకీ వస్తున్నాయి. సినిమా దొరకడం సమస్య కాదు. దొరికిన సినిమాకు పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళవచ్చునా అన్నదే ఇంటింటి సంశయం. ఈ మధ్య వచ్చిన చిత్రాలనూ, నాటి వేసవి విజయాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. పాతవన్నీ గొప్పవీ కావు, కొత్తవన్నీ చౌకబారువీ కావు. కానీ నాటి వేసవి చిత్రంలో పిల్లలకంటూ ఒక వాటా ఉండేది. నేడు ఆ వాటా తరిగిపోయింది.

వేసవిని సినిమాల కాలంగా మార్చినది 1975 జూన్ 20న విడుదలైన స్పీల్‌బర్గ్ చిత్రం ‘జాస్’ అని హాలీవుడ్ చరిత్రకారులు చెబుతారు. అందులోని సజీవమైన సొరచేపల దృశ్యాలను రాన్ టేలర్, వాలెరీ టేలర్ దంపతులు దక్షిణ ఆస్ట్రేలియా సముద్రంలో చిత్రీకరించారు. అమెరికన్ వేసవిని వణికించిన సొర ఈ తీరానిదే. అయితే తెలుగువారికి ఎండాకాలపు సినిమా అంతకు ఎంతో ముందే అలవాటు. ‘మాయాబజార్’ 1957 మార్చి 27న, ‘లవకుశ’ 1963 మార్చి 29న వచ్చాయి. కె. రాఘవేంద్రరావు దర్శకత్వంలో ‘అడవిరాముడు’ 1977 ఏప్రిల్ 28న, అంటే ‘స్టార్ వార్స్’ అమెరికాలో విడుదల కావడానికి నాలుగు వారాల ముందు వచ్చింది. మాయాబజార్‌లో ఘటోత్కచుడి మాయలు, లవకుశలో కథను నడిపించే ఇద్దరు బాలురు, అడవిరాముడిలో ఏనుగులు: పెద్దల కోసం అల్లిన కథలలో పిల్లల కోసం వేసిన పీటలవి.

ఆ సంప్రదాయానికి పరాకాష్ఠ అదే రాఘవేంద్రరావు తీసిన ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’. 1990 మే 9న, కోస్తాను పెను తుపాను ముంచెత్తిన రోజున అది విడుదలైంది. తొలి రోజుల నీటి ముంపును దాటుకుని అది సాధించిన విజయం గురించి చెప్పుకోని సినీప్రియులు లేరు. అదే తేదీన 2025లో త్రీడీ హంగులతో మళ్ళీ థియేటర్లకు వచ్చింది. ముప్పయి అయిదేళ్ళ తరువాత చూసినప్పుడు ఆ చిత్రంలో వెలిసిపోయినవి కనబడతాయి. కొన్ని హాస్య సన్నివేశాలు సాగతీతగా తోస్తాయి. మాంత్రికుడి గుహ అట్టలతో కట్టినదని పదేళ్ళ పిల్లవాడైనా పట్టేస్తాడు. అయినా కథ నిలబడుతుంది. కారణం శ్రీదేవి అందమో, ఇళయరాజా బాణీలో మాత్రమే కాదు. కథను కదిలించేది ఒక పాప కాలికి తగిలిన దెబ్బ. అనాథ పిల్లలను సాకే టూరిస్టు గైడు ఆ పాపకు నయం కావాలనే మానస సరోవరానికి వెళతాడు. అక్కడే ఇంద్రజ ఉంగరం దొరుకుతుంది. ఆ ఉంగరం కోసమే దేవకన్య భూమికి దిగివస్తుంది. పిల్లలను తొలగిస్తే ఆ చిత్రంలో కథే లేదు. జంధ్యాల మాటలు పెద్దలకు, ఉంగరం పిల్లలకు, పాటలు అందరికీ. విందులో ఎవరి విస్తరి వారికి వేసినట్లు ఆ పంపకం సాగింది.

1994 ఏప్రిల్ 28న ఎస్.వి. కృష్ణారెడ్డి అందించిన ‘యమలీల’ మరింత సాహసం. అగ్రతార లేడు, హాస్యనటుడు అలీ కథానాయకుడు. యమలోకం నుంచి జారిపడిన ‘భవిష్యవాణి’ గ్రంథంలో తల్లి మరణాన్ని చదివి, ఆమెను కాపాడుకోవాలని తపించే కొడుకు కథ అది. కైకాల సత్యనారాయణ యముడు, బ్రహ్మానందం చిత్రగుప్తుడు నవ్విస్తుండగానే పిల్లవాడి మనసులోకి ఒక భయం ప్రవేశిస్తుంది: అమ్మ ఎప్పటికీ ఉండదా? పసివారికి మృత్యువును పరిచయం చేయడానికి ఇంతకన్న సున్నితమైన దారి వెదికినా దొరకడం కష్టం. వేసవి వినోదం అల్పవిషయమని తీసిపారేసేవారు ఈ చిత్రాన్ని మరొకసారి చూడవలసి ఉంది.

అయితే జ్ఞాపకం తేనె పూసి చూపిస్తుందన్న ఎరుకా అవసరమే. రాఘవేంద్రరావుదే మరొక వేసవి విజయం, 1992 ఏప్రిల్ 9న వచ్చిన ‘ఘరానా మొగుడు’, అందుకు తగిన ఉదాహరణ. చిరంజీవి చురుకుదనం, కీరవాణి బాణీలు నేటికీ ఉత్సాహపరుస్తాయి. కానీ కథంతా ధనవంతురాలి పొగరు అణచడం మీదనే నడుస్తుంది. ఆస్ట్రేలియా బడిలో చదివే కూతురు పక్కన కూర్చుని, సంస్థను నడిపే స్త్రీకి అహంకారం ఉండకూడదు గాని ఆమె భర్తకు ఎందుకు ఉండవచ్చునని అడిగితే తండ్రి దగ్గర జవాబు ఉండదు. ఆ ప్రశ్న రావడం మంచిదే. పాత సినిమాను పిల్లలతో కలిసి చూడడంలోని ప్రయోజనాలలో అదీ ఒకటి: పెద్దలు ఒకప్పుడు దేనికి చప్పట్లు కొట్టారో వారికే తెలిసివస్తుంది.

ఇక నేటి సంగతి. తెలుగునాట వేసవి అన్నదే సినిమా పంచాంగంలో బలహీనపడింది. 2024 మేలో ఎన్నికలు, ఐపీఎల్, పెద్ద చిత్రాల లేమి కలిసి ప్రేక్షకులు రాక, తెలంగాణలో ఒంటితెర థియేటర్లు కొన్నాళ్ళు ఆటలు నిలిపివేశాయి. మే 9న రావలసిన ‘కల్కి 2898 ఏడీ’ జూన్ 27కు జరిగింది. మరుసటి ఏడు అదే తేదీకి ప్రకటించిన ‘హరిహర వీరమల్లు’ జూలై 24న గాని రాలేదు. ఒకనాడు పంపిణీదారులు పోటీపడిన తేదీలలో ఇప్పుడు ఖాళీలు కనిపిస్తున్నాయి.

వచ్చిన పెద్ద చిత్రం ఎలాంటిది? 2025 మే 1న, సెలవుల నడుమ, శైలేశ్ కొలను దర్శకత్వంలో నాని నటించిన ‘హిట్ 3’ విడుదలైంది. నేరపరిశోధన కథగా మొదలై రక్తపాతంలో ముగిసే ఆ చిత్రానికి సెన్సారు వారు ‘ఎ’ సర్టిఫికెట్ ఇచ్చారు. చిత్రం బిగువుగానే ఉంది. నాని తన సౌమ్యమైన ముద్రను చెరిపేసుకోవడంలో నటుడిగా ఒక తెగువ ఉంది. పెద్దల కోసం పెద్దల చిత్రం తీయడం తప్పూ కాదు. రెండు నెలల ముందు అదే నాని నిర్మించిన ‘కోర్ట్’ పదిహేడేళ్ళ అమ్మాయి, పందొమ్మిదేళ్ళ అబ్బాయి ప్రేమను, పోక్సో చట్టాన్ని కక్షకు వాడుకునే పెద్దరికాన్ని నిదానంగా, నిజాయితీగా చూపింది. యౌవనంలో అడుగిడుతున్న పిల్లలతో కలిసి చూసి, ఆ రాత్రి మాట్లాడుకోదగిన చిత్రమది. ఒకే నిర్మాత రెండు దారులూ నడిచాడు. కాని సెలవుల తేదీ దక్కినది పిల్లలకు తలుపు మూసిన చిత్రానికి. వేసవి సినిమా అర్థం ఎంత మారిందో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ఆస్ట్రేలియాలో ఈ మార్పు మరొక రూపంలో ఎదురవుతుంది. 2023 డిసెంబరు 22న వచ్చిన ‘సలార్’ భారతదేశంలో ‘ఎ’ సర్టిఫికెట్ చిత్రం. ఇక్కడి పిల్లలకు అవి సెలవులు మొదలైన రోజులు. భారతదేశంలో ‘ఎ’ చిత్రానికి పద్దెనిమిదేళ్ళు నిండనివారికి తల్లిదండ్రులు వెంట ఉన్నా చట్టం ప్రకారం ప్రవేశం లేదు. ఆస్ట్రేలియాలో ‘ఎమ్ఏ 15+’ అనే వర్గం ఒకటి ఉంది. ఆ వర్గం చిత్రాలకు పదిహేనేళ్ళ లోపు పిల్లలు తల్లిదండ్రులతోనో సంరక్షకులతోనో వస్తే చూడవచ్చు. అంటే నిర్ణయభారం పూర్తిగా తల్లిదండ్రుల భుజాల మీద ఉంటుంది. ఇంట్లో పిల్లలను చూసుకునే నాయనమ్మలు, అమ్మమ్మలు అందుబాటులో లేని దేశంలో, అభిమాన నటుడి చిత్రాన్ని తొలిరోజే చూడాలన్న ఆత్రం ఆ నిర్ణయాన్ని ఎటు తోస్తుందో ఊహించడం కష్టం కాదు. తెగిన తలలు తెరపై దొర్లుతుంటే తల్లి అరచేతి చాటున కూర్చున్న ఆరేళ్ళ పాపకు మిగిలే తెలుగు జ్ఞాపకం ఏమిటి?

అందుకే ఇక్కడి తెలుగు కుటుంబాలకు సంక్రాంతి చిత్రం విలువ హైదరాబాదులో కన్న ఎక్కువ. 2024 జనవరి 12న ‘గుంటూరు కారం’, ‘హనుమాన్’ ఒకే రోజున పోటీపడ్డాయి. అంజనాద్రి అనే కల్పిత గ్రామంలో చిల్లర దొంగతనాలు చేసే కుర్రవాడికి అద్భుతశక్తి లభించే రెండవ కథ, పరిమితమైన వ్యయంతోనే ఘనవిజయం సాధించింది. ప్రశాంత్ వర్మ చిత్రంలో లోపాలు లేకపోలేదు. ద్వితీయార్ధంలో కథనం తడబడుతుంది. కానీ 1990 నాటి ఉంగరం చేసిన పనిని ఇక్కడ ఒక మణి చేసింది. పిల్లలు తమ వాటాను గుర్తుపట్టారు.

2025 సంక్రాంతికి అనిల్ రావిపూడి తీసిన ‘సంక్రాంతికి వస్తున్నాం’ విజయం ఇంకా పెద్దది. వెంకటేశ్, ఐశ్వర్య రాజేశ్ పండించిన ఆలుమగల హాస్యం ఇంటిల్లిపాదినీ నవ్వించింది. కానీ ఆ చిత్రంలో అందరికన్న ఎక్కువ నవ్వులు రాబట్టినవాడు బుల్లిరాజు. ఓటీటీ ధారావాహికలు చూసి బూతులు నేర్చిన పసివాడు. దర్శకుడు ఒక నిజాన్ని సరిగ్గానే పట్టుకున్నాడు: పిల్లలకోసం ఎవరూ ఏమీ తీయకపోతే వారు పెద్దల కోసం తీసినదే చూస్తారు. అయితే ఆ నిజాన్ని చూపి హెచ్చరించడం కన్న దానితో నవ్వించడానికే మొగ్గు చూపాడు. హాలంతా గొల్లుమంటున్నప్పుడు పక్క సీట్లలోని పిల్లలూ నవ్వారు. వారు ఇంటికి తెచ్చుకున్న కొత్త తెలుగు మాటలేవో తల్లిదండ్రులకు తెలియనిది కాదు.

పరదేశంలో పెరిగే పిల్లలకు తెలుగు వంటింటి భాషగా మిగిలిపోతుంది. తిను, రా, పడుకో అన్న ఆజ్ఞల భాష. ఉత్సాహం, సాహసం, వింత ఇంగ్లీషులోనే ఎదురవుతాయి. వందలమంది నడుమ తెలుగు పెద్దగా, ధైర్యంగా, ఆనందంగా వినబడే చోటు వారికి సినిమా హాలు ఒక్కటే. అక్కడ ఇంగ్లీషు ఉపశీర్షికలు చదివి మనవడు, మాటలు విని తాతగారు ఒకే హాస్యానికి చెరొక దారిన నవ్వు చేరుకుంటారు. ఆ అవకాశాన్ని రక్తపాతానికో, బూతుకో వదిలివేయడం చిన్న నష్టం కాదు.

నిర్మాతలను మార్చడం మెల్బోర్న్ ప్రేక్షకుడి చేతిలో లేదు. చేతిలో ఉన్నది మరొకటి ఉంది. అభిమాన సంఘాలు పాత చిత్రాలను అద్దెకు తీసుకుని నటుల పుట్టినరోజులకు ప్రదర్శించుకుంటున్నాయి. ఆ కేకల మధ్య పసివారికి చోటు ఉండదు. ఆ శ్రద్ధలో కొంత జనవరి సెలవులకు మళ్ళించి, ఒక పగటి ఆటగా ‘మాయాబజార్’నో, ‘యమలీల’నో ఉపశీర్షికలతో పిల్లల కోసం వేయించడం తెలుగు సంఘాలకు అసాధ్యమేమీ కాదు. ఏడాదికి ఒక్క ఆట చాలు. ముప్పయి ఏళ్ళ తరువాత ఆ పిల్లలు తమ వేసవిని తలచుకున్నప్పుడు, సముద్రపుటొడ్డు ఇసుకతో పాటు ఘటోత్కచుడి నవ్వు కూడా వారికి గుర్తు రావాలి.