మిరప చేలు – శాస్త్ర వ్యాసములు

మాచవరము మొదలగు పల్నాటి గ్రామములలో మిరప పండించు రైతులకు 2021వ సంవత్సరమును మేము జ్ఞాపకము చేయ నక్కఱలేదు. నల్లతామర పురుగు నాటి గుంటూరు జిల్లా చేలమీద బడి పూతను నాశనము చేసినది. రైతులు మందు వెంట మందు కొట్టిరి. అప్పులు పెరిగినవి, పురుగు తగ్గలేదు.

ఈ పురుగు శాస్త్రజ్ఞులకు అపరిచితము కాదు. ఇండోనీషియాలో నిది మిరపను బాధించునని యెప్పుడో యెఱుగుదురు. బెంగళూరులో బొప్పాయిమీద నగపడినదని 2015లోనే పరిశోధన వ్యాసము వెలువడినది. ఈ రెండు విషయములను ఒకచోట ప్రక్కప్రక్కన జూచినవారు మన మిరపకు రాబోవు ముప్పును ఊహింపకుందురా? కాని అవి వేర్వేఱు వ్యాసములలో నుండిపోయినవి.

అడంగలులో సర్వే నంబరు, విస్తీర్ణము, పైరు, సాగుదారు పేరు గడులవారీగా నుండును గనుకనే అడిగిన సంగతి వెంటనే దొరకును. శాస్త్ర వ్యాసములకును అట్టి పట్టిక కావలెను. పురుగు, పైరు, ప్రదేశము, సంవత్సరము, లక్షణము, మందు, మోతాదు, ఫలితము – వీనిని ప్రతి వ్యాసమునుండి వేఱుచేసి యెక్కింపవలెను. నేడు కంప్యూటరు వేలకొలది వ్యాసములను చదివి యీ పని చేయగలదు.

అయినను యంత్రమును గ్రుడ్డిగా నమ్మరాదు. 'ఈ మందు పనిచేయలేదు' అను వాక్యమునుండి మందు పేరు మాత్రమే గ్రహించి, దానిని చికిత్సగా నెక్కించుట అసంభవము కాదు. పాత తామర పురుగు ఆకునకు పైముడత దెచ్చును. క్రొత్తది ముఖ్యముగా పూవులో జేరును. రెండును ఒకే పేరున గలిసిపోయినచో ఒకదాని మందు రెండవదానికి చెప్పబడును. ఆ తప్పునకు మూల్యము రైతు చెల్లించును. కావున ప్రతి పద్దును కీటకశాస్త్రజ్ఞుడు సరిచూడవలెను. మూలవ్యాసము పేరు దాని ప్రక్కన నుండవలెను.

కేంద్ర ప్రభుత్వమువారు 2024 నవంబరులో 'ఒకే దేశము – ఒకే చందా' పథకమునకు మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించిరి. ప్రభుత్వ విద్యాసంస్థలవారికి శాస్త్ర పత్రికలు చదువు వీలు కలుగుట సంతోషకరమే. చదివినది పొలమునకు జేర్చుట మఱియొక పని. లాం పరిశోధన క్షేత్రము మన చెంతనే యున్నది. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు మిరప చీడలతోనే యిట్టి పట్టికను ప్రారంభించి, గ్రామములలోని వ్యవసాయ సహాయకులకు తెలుగున నందింపవలెను. భూస్వాములును పట్టణవాసులును దీనిని గట్టిగా కోరవలెను. పరిశోధనకు వ్యయమగునది ప్రజాధనము. దాని ఫలము పైరు పోయిన పిదప గాక, పూత నిలిచియుండగనే మాచవరము రైతునకు అందవలెను.