ల్యాప్‌టాప్ ఫ్యాను మూగబోతే...

గత నెలలో ఒక రాత్రి మా పెద్దమ్మాయి చివరి సంవత్సరపు ప్రాజెక్టు నివేదికను పూర్తిచేస్తుండగా ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి ఆగిపోయింది. అడుగున చేయి పెట్టలేనంత వేడి. "వారం రోజులుగా ఫ్యాను చప్పుడు వినిపించడం లేదు అబ్బా! ప్రశాంతంగా ఉందని సంతోషించాను" అన్నది. ఆ నిశ్శబ్దమే తొలి హెచ్చరిక అని మాకప్పటికి తోచలేదు. నివేదికకు మరో నకలు లేదు. సమర్పించడానికి నాలుగు రోజులే మిగిలాయి.

ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ పనిచేస్తున్నంతసేపూ వేడి పుడుతుంది. సన్నని రాగి గొట్టం ఆ వేడిని అంచున ఉన్న లోహపు రేకుల దాకా తెస్తుంది. ఫ్యాను గాలిని విసిరి దానిని బయటికి నెట్టివేస్తుంది. ఫ్యాను ఆగితే ప్రాసెసర్ ముందు తన వేగాన్ని తగ్గించుకుంటుంది. ఉష్ణోగ్రత ఇంచుమించు 100 డిగ్రీలకు చేరితే యంత్రం తన రక్షణ కోసం తానే ఆగిపోతుంది.

అయితే ఫ్యాను తిరగకపోవడం ప్రతిసారీ లోపం కాదు. తేలికపాటి పని జరుగుతున్నప్పుడు అనేక ల్యాప్‌టాప్‌లలో ఫ్యాను విశ్రాంతిగానే ఉంటుంది. 2020లో వచ్చిన ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్‌లోనైతే ఫ్యానే లేదు. కనుక మొదట పరీక్షించి చూడండి. నాలుగైదు వీడియోలు ఒకేసారి నడిపించి, గాలి వెలువడే రంధ్రాల వద్ద పలుచని కాగితపు ముక్కను పట్టుకోండి. యంత్రం బాగా వేడెక్కినా కాగితం కదలకపోతే లోపం ఉన్నట్లే. వెంటనే ఆపివేయండి.

మరమ్మతు కంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. యంత్రం పూర్తిగా చల్లారాక, దానిని బల్లపై కాస్త ఎత్తుగా ఉంచి, పక్కన టేబుల్ ఫ్యాను పెట్టి, ముఖ్యమైన ఫైళ్లను మాత్రం పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. వేడెక్కుతుంటే ఆపి, చల్లారాక మళ్లీ కొనసాగించండి. యంత్రానికి బదులు మరొకటి కొనవచ్చు. పోయిన నెలల శ్రమను కొనలేము.

తరువాత ల్యాప్‌టాప్‌ను షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసివేయండి. బ్యాటరీ ఊడదీయగలిగినదైతే దానినీ తీయండి. పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కిపట్టి, అన్నీ తిరిగి అమర్చి, ఆన్ చేయండి. ఫ్యానును నియంత్రించే వ్యవస్థ తడబడి ఉంటే ఈ మాత్రానికే సర్దుకోవచ్చు. అప్పటికీ కదలకపోతే యంత్రంలోని స్వీయ పరీక్షను నడపండి. డెల్‌లో ఆన్ చేయగానే ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్2 నొక్కితే ఆ అవకాశం కనిపిస్తుంది. బయాస్ అప్‌డేట్‌ను మాత్రం తొందరపడి మొదలుపెట్టకండి. మధ్యలో యంత్రం వేడెక్కి ఆగిపోతే అసలు బోర్డే పనికిరాకుండా పోయే ప్రమాదముంది.

ఇక మిగిలినవి మూడు కారణాలు: దుమ్ము, ఊడిన తీగ, అరిగిన ఫ్యాను. వెనుక మూత తీసే అనుభవం ఉన్నవారు మొదట బ్యాటరీ తీగను వేరుచేయాలి. గాలితో దుమ్ము ఊదేటప్పుడు ఫ్యాను రెక్కలు గిరగిర తిరగకుండా పుల్లతో ఆపి ఉంచాలి. వాక్యూమ్ క్లీనర్ వాడరాదు. దాని వల్ల పుట్టే స్థిర విద్యుత్తు సున్నితమైన భాగాలను దెబ్బతీయవచ్చు. అనుభవం లేనివారు మెకానిక్‌కు అప్పగించడమే మేలు. ఫ్యాను మార్చవలసి వస్తే మోడల్ నంబరును బట్టి సరిపోయేదే వేయమనండి. రాగి గొట్టాన్ని విప్పితే ప్రాసెసర్‌పై పాత పేస్టును తుడిచి కొత్తది పూయాలని గుర్తుచేయండి. కూలింగ్ ప్యాడ్ కొంత సాయపడుతుందే తప్ప, లోపలి ఫ్యానుకు అది ప్రత్యామ్నాయం కాదు.

మా యంత్రాన్ని విప్పినప్పుడు రెక్కల చుట్టూ నూలుపోగులు, వెంట్రుకలు చిక్కుకొని ఉన్నాయి. ఫ్యాను ఇరుసు అరిగిపోయింది. మా అమ్మాయి రాత్రిళ్లు దానిని రజాయి మీద పెట్టుకొని చదివేది. అడుగున గాలి పీల్చే రంధ్రాలు మూసుకుపోయి, గాలికి బదులు నూలు లోపలికి చేరింది. కొత్త ఫ్యాను వేయించాము. ముందే నకలు తీసుకున్నందున నివేదిక గడువుకు అందింది.

ఇప్పుడు మా ఇంట్లో ల్యాప్‌టాప్ స్థానం బల్లమీదనే. ఈ రోజు ఒక్క నిమిషం వెచ్చించి మీ ఇంటి ల్యాప్‌టాప్ రంధ్రాల వద్ద కాగితపు ముక్కను పట్టి చూడండి. అది కదిలినా కదలకపోయినా, పిల్లల ఫైళ్లకు మరో నకలు ఉన్నదో లేదో అడిగి తెలుసుకోండి.