బడికి సెలవిచ్చింది గాలివాన కాదు

గత నెలలో ఒక ఆదివారం రాత్రి ఉత్తరాంధ్రలోని మా మండలాన్ని గాలివాన గంటసేపు కుదిపేసింది. సబ్‌స్టేషన్‌కు వచ్చే 33 కేవీ లైను మీద చెట్లు పడ్డాయి. పొలాల్లో 11 కేవీ స్తంభాలు ఒరిగిపోయాయి. రెండు ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయాయి. తెల్లారేసరికి ఏ ఊళ్లోనూ కరెంటు లేదు. సోమవారం పుస్తకాల సంచీలతో బడికి వెళ్లిన పిల్లలు గేటు దగ్గర నుంచే తిరిగి వచ్చేశారు. కరెంటు వచ్చాక కబురు చేస్తామన్నారట. ఆ కబురు రావడానికి ఆరు రోజులు పట్టింది.

ఆరు రోజులే కదా, పిల్లలకు సెలవులంటే సరదాయే కదా అని కొందరు తేలిగ్గా తీసేశారు. అవి ఎలాంటి రోజులో చూడాలి. ఉభాల రోజులు. ఏడాదిలో మా ఆడవాళ్లకు వరసగా కూలి దొరికేది ఇప్పుడే. తెల్లారి ఆరింటికి మడిలో దిగితే మధ్యాహ్నం దాటేవరకు నడుము ఎత్తడానికి ఉండదు. చిన్నపిల్లల్ని ఎవరు చూడాలి? కొందరు తల్లులు ఇంట్లో ఉండిపోయి కూలి పోగొట్టుకున్నారు. కొందరు పిల్లల్ని గట్టు మీద కూర్చోబెట్టి నాట్లు వేశారు. ఆ గట్ల పక్కనే తెగిన తీగలు పడి ఉన్నాయి. ఏ తీగలో కరెంటు ఉందో, ఎప్పుడు వదులుతారో చెప్పే నాథుడు లేడు. ఇంకొన్ని ఇళ్లల్లో ఏడో తరగతి, ఎనిమిదో తరగతి చదివే ఆడపిల్లకు తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ అప్పగించి వెళ్లారు. అలా ఇంటి పనిలో పడిన పిల్ల మళ్లీ బడి మెట్లు ఎక్కడం ఎంత కష్టమో ఈ పత్రిక చదివే ప్రతి తల్లికీ తెలుసు.

ఈ ఆరు రోజులూ ప్రైవేటు స్కూలు పసుపు బస్సు మా ఊరికి వస్తూనే ఉంది. అక్కడ జనరేటర్ ఉంది, ట్యాంకులో నీళ్లున్నాయి. బస్సెక్కే పిల్లల్ని చూస్తూ సర్కారు బడి పిల్లలు మేకల వెంట వెళ్లారు. మూడెకరాల కౌలు రైతు ఒకరు మాతో అన్నారు: "వచ్చే ఏడాది అప్పు చేసైనా మావాడిని ఆ బస్సెక్కిస్తానండి." ఆయనకు ఇప్పటికే ఎరువుల దుకాణంలో బాకీ ఉంది. పంట పెట్టుబడికి తెచ్చే అప్పు పక్కన పిల్లవాడి ఫీజు అప్పు చేరితే ఆ ఇల్లు ఏమవుతుంది? ఇలాంటి నలుగురు పిల్లల్ని తీసేస్తే, పిల్లలు తక్కువగా ఉన్నారని చెప్పి మా బడినే ఇంకో ఊరి బడిలో కలిపేస్తారు. కరెంటు పోయిన బడి కొన్నాళ్లకు ఊళ్లోనే లేకుండా పోతుంది. ఇది సెలవుల గొడవ కాదని మేము చెబుతున్నది అందుకే.

గురువారం తల్లిదండ్రులు బడి దగ్గర పోగయ్యారు. మేమూ వెళ్లాం. కోపం మొదట హెచ్‌ఎం గారి మీదకే పోయింది. "మాస్టారూ, కరెంటు లేని రోజుల్లో మీరు చదువుకోలేదేటి? చెట్టు కింద పాఠం చెప్పలేరేటి?" అని ఒక తల్లి నిలదీసింది. ఆయన ఇచ్చిన జవాబు మమ్మల్ని ఆలోచనలో పడేసింది. "పాఠానికి దీపం అక్కర్లేదమ్మా. నీళ్లు కావాలి" అన్నారు.

అదీ అసలు సంగతి. బోరు మోటారు తిరిగితేనే బడి పైన ట్యాంకు నిండుతుంది. ట్యాంకు నిండితేనే మరుగుదొడ్లలో నీళ్లు, వంటకు నీళ్లు, తాగడానికి ఆర్వో నీళ్లు. నూట ఇరవై మంది పిల్లలు, అందులో సగం మంది ఆడపిల్లలు ఉన్న బడిని నీళ్లు లేకుండా ఎలా నడపాలి? మాస్టర్ల హాజరు కూడా ఇప్పుడు ఫోనులోనే. ఫోనులో చార్జింగ్ లేదు, టవరు లేక సిగ్నల్ లేదు. ఆ బడి ఆవరణలో ఒకప్పుడు బోరింగు ఉండేది. మోటారు వచ్చాక దాని వాషర్లు మార్చిన వాళ్లు లేరు. హ్యాండిల్ ఎవరో పట్టుకుపోయారు. ఊరందరి కళ్ల ముందే ఇది జరిగింది.

ఇక చట్టం మాట చూద్దాం. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ఏడాదికి ఐదో తరగతి వరకు కనీసం 200 రోజులు, ఆరు నుంచి ఎనిమిది వరకు 220 రోజులు బడి నడవాలి. బడికి ఏమేమి ఉండాలో ఆ చట్టం షెడ్యూలులో రాశారు. సురక్షితమైన తాగునీరు, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరువేరు మరుగుదొడ్లు, వంటగది, ఆటస్థలం, ప్రహరీగోడ అన్నీ ఉన్నాయి. ఆ జాబితాలో కరెంటు లేదు. కరెంటు లేదనే కారణంతో బడి మూయమని చట్టం ఎక్కడా చెప్పలేదు. నీళ్లు మాత్రం ఉండి తీరాలంది. ఆ నీళ్లను పూర్తిగా కరెంటు మీద ఆధారపడేలా చేసి, వేరే దారి ఉంచకపోవడం మనుషులు చేసిన తప్పు. గాలివాన మీదకు దాన్ని నెట్టడం కుదరదు.

పోయిన రోజులను రెండో శనివారాల్లో బడి పెట్టి సరిచేస్తామని అధికారులు చెబుతున్నారు. రిజిస్టరులో 220 రోజుల లెక్క సరిపోవచ్చు. మధ్యాహ్నం అన్నం సంగతేమిటి? 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి వరకు సర్కారు బడి పిల్లలకు సెలవు రోజులు తప్ప ప్రతిరోజూ ఉచితంగా భోజనం పెట్టాలి. బడి ఉన్న రోజున ఏ కారణంతోనైనా భోజనం పెట్టలేకపోతే దానికి బదులుగా బియ్యమూ వంట ఖర్చు డబ్బూ మరుసటి నెల 15వ తేదీలోగా ఇవ్వాలని 2015 నిబంధనలు చెబుతున్నాయి. ఇక్కడే మెలిక ఉంది. "సెలవు" అని ఒక్క మాట అంటే చాలు, అన్నమూ లేదు, బదులు బియ్యమూ లేదు. మా ఊళ్లో ఆ ఆరు రోజులకు కాగితం మీద ఉత్తర్వు ఏదీ రాలేదు. నోటిమాటతో బడి మూసి, నోటిమాటతోనే పిల్లల అన్నం ఆపేశారు. ఈ సోమవారం ఆకలిని వచ్చే నెల శనివారం పెట్టే అన్నం తీరుస్తుందా?

కరెంటు బాగుచేయడానికి కూడా గడువులున్నాయి. విద్యుత్ నియంత్రణ మండలి ప్రమాణాల ప్రకారం గ్రామాల్లో లైను తెగితే 24 గంటల్లో, ట్రాన్స్‌ఫార్మర్ పాడైతే 48 గంటల్లో సరిచేయాలి. తుఫాను, వరద వంటి విపత్తులు వస్తే ఈ గడువులకు మినహాయింపు ఉన్న మాట నిజమే. కానీ గాలివాన ఒక్క గంటలో వెళ్లిపోయింది. మిగిలిన రోజులు పట్టింది గాలికి కాదు. పెట్టడానికి వేరే ట్రాన్స్‌ఫార్మర్ సిద్ధంగా లేదు. స్తంభాలు పక్క డివిజన్ నుంచి రావాలి. ఊరి లైన్‌మన్ ఒక్కడే మూడు ఊళ్లకు తిరుగుతున్నాడు. ఆ కుర్రాడు నాలుగు రోజులు సరిగా నిద్రపోలేదని, వానలో తడుస్తూ స్తంభాలెక్కాడని మాకు తెలుసు. ఆయన మీద కోపం చూపడం అన్యాయం. వాలిపోయిన స్తంభాల గురించీ, తీగలకు తగులుతున్న కొమ్మల గురించీ వేసవిలోనే మేము ఇచ్చిన అర్జీని పక్కన పడేసినవారు జవాబు చెప్పాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం వారికి ఏటా అలవాటైపోయింది.

ఇంతవరకు పైవాళ్ల తప్పులు రాశాం. మా తప్పు కూడా రాయాలి. బుధవారం కరెంటు సిబ్బంది జీపు ఊళ్లోకి వచ్చినప్పుడు మేము ఏమడిగాం? మోటార్ల లైను ముందు ఇవ్వమని అడిగాం. ఆకుమడి ఎండిపోతోందని ఒకరు, దమ్ము ఆగిపోయిందని ఒకరు, నా ట్రాన్స్‌ఫార్మర్ ముందంటే నాది ముందని ఇద్దరు ఒకరి మీదకొకరు వెళ్లారు. పొలం లైను బుధవారం సాయంత్రం వచ్చింది. ఊరి లైను శుక్రవారం వచ్చింది. బడికి వెళ్లే సర్వీసు తీగ తెగి ఉందని శనివారం దాకా ఎవరూ చూడలేదు. జీపు చుట్టూ మూగిన అంతమందిలో బడి పేరు ఎత్తిన మనిషి ఒక్కరూ లేరు. సంఘం నాయకులమని చెప్పుకునే మేమూ ఎత్తలేదు.

కరెంటు కోసం రైతులు చేసిన పోరాటం చిన్నది కాదు. 2000 ఆగస్టు 28న విద్యుత్ చార్జీల పెంపుకు వ్యతిరేకంగా కదిలిన జనం మీద హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపితే ముగ్గురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ త్యాగాల బలంతోనే మన మోటారు గురించి గట్టిగా మాట్లాడగలుగుతున్నాం. ఆ గొంతులో బడి మోటారుకు కూడా చోటు ఉండాలి. పొలాన్ని కాపాడుకునేది ఆ పిల్లల కోసమే కదా.

ఉత్తరాంధ్రకు ఇది కొత్త పాఠమూ కాదు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని ఊడ్చేసింది. కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. రోజుల తరబడి కరెంటు లేక మోటార్లు తిరగక జనం గుక్కెడు నీళ్లకు అల్లాడారు. జనరేటర్లు తెచ్చి ట్యాంకులు నింపాల్సి వచ్చింది. కరెంటు పోతే ముందు పోయేది నీళ్లేనని అప్పుడే తెలిసింది. ఇన్నేళ్లలో ప్రతి బడిలో ఒక్క బోరింగైనా పనిచేసేలా చూసుకోలేకపోయామంటే ఆ పాఠం మనకు ఎక్కలేదనే అర్థం.

అందుకే మా సంఘం ప్రభుత్వాన్ని డిమాండ్ చేస్తున్నది:

1. కరెంటు పునరుద్ధరించే వరసలో ఆస్పత్రి, మంచినీటి పథకం, బడి ముందుండాలి. ఆ వరసను ప్రతి సబ్‌స్టేషన్ దగ్గరా, సచివాలయం దగ్గరా బోర్డు మీద రాసి పెట్టాలి.

2. ప్రతి సర్కారు బడిలో కరెంటుతో పని లేని నీటి వసతి ఉండాలి. పాత బోరింగు బాగుచేయాలి, లేదా సోలార్ మోటారు పెట్టాలి. రెండూ లేనిచోట కరెంటు పోయిన రోజునే ట్యాంకరు పంపాలి.

3. బడి మూయాల్సి వస్తే కారణం, ఎన్ని రోజులన్నదీ రాసిన ఉత్తర్వు గోడకు అంటించాలి. మూసిన రోజులకు పిల్లల బియ్యం, గుడ్లు, వంట ఖర్చు ఇళ్లకు చేర్చాలి.

4. సబ్‌స్టేషన్ల వద్ద అదనపు ట్రాన్స్‌ఫార్మర్లు, స్తంభాలు నిల్వ ఉంచాలి. ఖాళీగా ఉన్న లైన్‌మన్ పోస్టులు నింపాలి. వానాకాలం ముందే కొమ్మలు కొట్టి, వాలిన స్తంభాలు నిలబెట్టాలి.

డిమాండ్లు రాసి చేతులు కడుక్కోవడం మాకు ఇష్టం లేదు. మన గ్రామ శాఖలు చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. బడి యాజమాన్య కమిటీలో నూటికి 75 మంది సభ్యులు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది మహిళలు ఉండాలని చట్టమే చెబుతోంది. ఆ కమిటీలో ఉన్నవాళ్లలో చాలామంది మన సంఘం సభ్యులే. సంతకానికి పిలిచినప్పుడు మాత్రమే వెళ్లడం మానేద్దాం. ఈ నెలాఖరులోగా ప్రతి శాఖా తమ ఊరి బడికి వెళ్లి మూడు సంగతులు చూసి రాసుకోవాలి: కరెంటు లేకపోతే నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి, బడికి వచ్చే తీగ ఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉంది, బోరింగు పనిచేస్తుందా లేదా. ఆ కాగితాన్ని మండల కమిటీకి పంపండి. కరెంటు పోయినప్పుడు 1912కు ఫోను చేసి ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి. నంబరు లేని ఫిర్యాదు గాలికి పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ మార్చడానికి ఇంటింటికీ చందాలు వేసుకుని ట్రాక్టరు కట్టే అలవాటు కూడా మానుకోవాలి. ఆ ఖర్చు మనది కాదు.

మా ఊళ్లో ఈ పని మొదలైంది. గత ఆదివారం పదిమంది రైతులం కలిసి బడి బోరింగు పైపులు పైకి తీశాం. వాషర్లు, కొత్త హ్యాండిల్ వేశాం. గురువారం మాస్టారిని నిలదీసిన తల్లే మొదటి బిందె కొట్టింది. నీళ్లు కొంచెం ఎర్రగా వచ్చాయి, ఓ గంట కొట్టాక తేటపడ్డాయి. వాడకానికి పనికొస్తాయి. తాగడానికి పనికొస్తాయో లేదో తేల్చడానికి పరీక్షకు పంపుతున్నాం. ప్రభుత్వం చేయాల్సిన పని మేము చేశామని ప్రభుత్వాన్ని వదిలేయబోవడం లేదు. ఖర్చు రసీదులతో సహా అర్జీ ఇచ్చాం.

మళ్లీ గాలివాన వస్తుంది, స్తంభాలు పడతాయి. ఈసారి జీపు ఊళ్లోకి వచ్చినప్పుడు దాని ముందు నిలబడి మనం అడగాల్సిన మొదటి మాట ఒకటే: బడి లైను సంగతి చూశారా?