ధైర్యమా, నిదానమా?

విద్యార్థి సంఘం సంచికలో గోల్ఫ్ గురించి వ్యాసమేమిటి, అది డబ్బున్నవాళ్ల కాలక్షేపం గదా అని కొందరు మిత్రులు ముఖం చిట్లించవచ్చు. వారి మాటలో నిజం లేకపోలేదు. మన దేశంలో ఆ ఆట చాలావరకు క్లబ్బుల గోడల వెనకనే ఉండిపోయింది. గోల్కొండ కోట చూసివచ్చిన మనలో ఎందరు దాని పక్కనే ఉన్న గోల్ఫ్ మైదానంలో అడుగుపెట్టారు? అయితే ఆ ఆటకు పుట్టినిల్లుగా పేరుబడిన స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్ సంగతి వేరు. అక్కడి ఓల్డ్ కోర్స్ ఏ క్లబ్బు సొత్తూ కాదు. ప్రజల ఉమ్మడి భూమి. 1974లో పార్లమెంటు చట్టం ద్వారా ఏర్పడిన ట్రస్టు దాని ఆలనాపాలనా చూస్తున్నది. ఆదివారం నాడు మామూలుగా అక్కడ ఆట ఉండదు. ఊళ్లో జనం పిల్లల్నీ కుక్కల్నీ వెంటబెట్టుకుని ఆ పచ్చిక మీద షికారు తిరుగుతారు. పైగా అది చదువుల ఊరు. 1413లో వెలసిన విశ్వవిద్యాలయం అక్కడే ఉన్నది.

ఈ కళాశాల విడిచాక పై చదువు నిమిత్తం స్కాట్లాండులో గడిపిన రోజుల్లో, అట్లాంటి ఆదివారాలు కొన్ని నేనూ ఆ గడ్డి మీద నడిచాను. నేను ఆటగాణ్ణి కాను, చూపరిని మాత్రమే. కాని ఒక మైదానం మనిషిని ఇన్ని ప్రశ్నలు అడగగలదని నాకు అక్కడే తెలిసింది.

మనకు చిన్నప్పటి నుంచి రెండు మాటలు నూరిపోస్తారు. ఒకటి 'ధైర్యే సాహసే లక్ష్మీ'. రెండోది 'నిదానమే ప్రధానం'. ఏ వేళకు ఏది పాటించాలో మాత్రం ఎవరూ చెప్పరు. గెలిచినవాణ్ణి చూపించి మొదటిది, ఓడినవాణ్ణి చూపించి రెండోది అప్పజెప్పడం లోకరీతి. నా మట్టుకు ఈ రెండూ అరకొర మాటలే. ఓల్డ్ కోర్స్‌ను ఎట్లా ఆడాలన్న విషయం కాస్త లోతుగా చూస్తే ఈ సంగతి తేటతెల్లమవుతుంది.

ఆట తెలియనివారి కోసం రెండు ముక్కలు. మైదానంలో 18 హోల్స్ ఉంటాయి. ప్రతిదానికీ టీ అనే చోట మొదలుపెట్టి, ఫెయిర్‌వే అనే కత్తిరించిన పచ్చిక మీదుగా బంతిని కొట్టుకుంటూ పోయి, గ్రీన్ అనే నున్నటి జాగాలో జెండా పాతిన గుంతలో వేయాలి. ఎంత తక్కువ దెబ్బల్లో వేస్తే అంత మేలు. మంచి ఆటగాడికి ఇన్ని దెబ్బలు పడతాయని కట్టిన లెక్క పేరు పార్. ఓల్డ్ కోర్స్ మొత్తానికి పార్ 72. దారి పొడుగునా బంకర్లనే ఇసుక గోతులు 112 ఉన్నాయి. వాటిలో చాలా గోతులు టీ దగ్గర నిలబడితే కంటికి కనిపించనే కనిపించవు.

ఈ మైదానానికి నేను చెప్పుకునే సూత్రం ఒక్కటే: ఎడమకు పోతే క్షేమం, కుడికి పోతే లాభం. వెళ్లేటప్పుడు కుడివైపు ముళ్లపొదలు. తిరిగి వచ్చేటప్పుడు కుడివైపు హద్దు. ఆ హద్దు దాటిందా, శిక్షగా ఒక దెబ్బ కలుపుకుని మళ్లీ మొదటి చోటునుంచే కొట్టాలి. ఎడమవైపు చూస్తే పక్క హోల్ ఫెయిర్‌వే కూడా కలిసిపోయి బోలెడంత జాగా. గ్రీన్లలో ఏడింటిని రెండేసి హోల్స్ పంచుకుంటాయి. కనుక కొత్తవాడికి ఎడమకు కొట్టడం సుఖం. అయితే ఆ సుఖానికి వడ్డీ తర్వాతి దెబ్బలో కట్టుకోవాలి. ఎడమనుంచి చూస్తే చాలా గ్రీన్లకు ముందు ఏ బంకరో, ఏ మిట్టో అడ్డంగా కూచుని ఉంటుంది. హద్దుకు దగ్గరగా కుడి అంచున బంతిని పడవేయగలిగినవాడికి అదే గ్రీన్ తలుపు తెరిచినట్టు కనిపిస్తుంది.

హాస్టల్లో కారంబోర్డు ఆడినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. రెడ్ ఎవడైనా వేస్తాడు. కవర్ ఎక్కడుందో చూసుకుని రెడ్ మీద చేయి వేసేవాడే ఆటగాడు. ఇక్కడా అంతే. జెండా దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్క వేసుకుంటూ టీ దగ్గరికి రావాలి. జెండా ఎక్కడుంది? దాన్ని ఏ పక్కనుంచి సమీపించాలి? అందుకు బంతి ఎక్కడ ఆగాలి? ఈ మూడూ తేలాకే మొదటి దెబ్బ.

ఈ సంగతి 17వ హోల్ చెప్పినంత బాగా మరేదీ చెప్పదు. దాని పేరు రోడ్ హోల్. పార్ 4, పొడవు 495 గజాలు. మొదటి దెబ్బే పాత రైల్వే షెడ్లను పోలిన కట్టడం మీదుగా, ఎదుట ఏమీ కనపడకుండా కొట్టాలి. కుడివైపు హోటలు ఆవరణ, అదంతా హద్దు బయట. గ్రీన్ సన్నగా, ఏటవాలుగా, మనకు అడ్డం తిరిగి పడుకుని ఉంటుంది. దాని ముందు ఎడమ పక్కను కొరికేసినట్టు రోడ్ బంకర్. వెనక తారు రోడ్డు, ఆ వెనక రాతి గోడ. బంతి రోడ్డు మీద పడితే రాయితీ ఏమీ లేదు. అక్కడినుంచే కొట్టుకోవాలి.

అంటే ముందు గొయ్యి, వెనక నుయ్యి. అయినా దారి లేకపోలేదు. రెండో దెబ్బతో జెండాను వేటాడకుండా గ్రీన్‌కు ముందు కుడి భాగంలో బంతిని ఆపి, అక్కడినుంచి నేలబారుగా పైకి దొర్లిస్తే నాలుగు రావచ్చు, మహా అయితే అయిదు వస్తుంది. అయిదు వస్తే కొంప మునగదు. తొమ్మిది వస్తేనే మునుగుతుంది.

తొమ్మిది ఊహించి చెప్పినది కాదు. 1978 ఓపెన్ పోటీలో మూడోనాడు జపాను ఆటగాడు నకజిమా రెండు దెబ్బల్లోనే ఈ గ్రీన్ చేరాడు. తర్వాత గ్రీన్ మీద దొర్లించిన బంతి వాలులో పక్కకు జారి రోడ్ బంకర్‌లో పడింది. బయటికి తీయడానికి నాలుగు దెబ్బలు పట్టాయి. చివరికి లెక్క తొమ్మిది. 2000 సంవత్సరంలో ఆఖరి రోజున డేవిడ్ డువల్‌కూ ఆ గోతిలో నాలుగు దెబ్బలే పట్టాయి, అతని లెక్క ఎనిమిది. అదే పోటీలో టైగర్ వుడ్స్ నాలుగు రోజులు, 72 హోల్స్ ఆడి 112 బంకర్లలో ఒక్కదానిలోనూ పడలేదు. ఎనిమిది దెబ్బల తేడాతో గెలిచాడు. ఆనాడు వుడ్స్ బలం గురించి అందరూ చెప్పుకున్నారు. బలం సరే. బంతి ఎక్కడ ఆగకూడదో ముందే తేల్చుకున్న బుద్ధి గురించి చెప్పుకున్నవారు తక్కువ.

ఇంతవరకు చదివినవారు 'అయితే నిదానమే ప్రధానమంటావు, అంతేగదా' అనవచ్చు. అక్కడే ఆగండి.

2022 ఓపెన్ పోటీ ఆఖరి రోజున రోరీ మెకిల్‌రాయ్ నిదానానికి ప్రతిరూపంలా ఆడాడు. 18 గ్రీన్లూ వేళకు చేరాడు. ప్రతి గ్రీన్ మీద రెండేసి దెబ్బలు, మొత్తం 36. పెద్ద తప్పు ఒక్కటీ లేదు. కాని జెండాకు దూరంగా, క్షేమమైన చోట బంతి ఆగుతూ వచ్చింది. దూరంనుంచి దొర్లించిన బంతులు గుంతలో పడలేదు. లెక్క 70. ఆ ఉదయం అతనికంటే నాలుగు దెబ్బలు వెనకబడి ఉన్న ఆస్ట్రేలియా ఆటగాడు కామెరాన్ స్మిత్ 10వ హోల్ నుంచి 14వ హోల్ వరకు వరసగా అయిదింటిలో పార్‌కు ఒకటి తక్కువ చేసి, మొత్తం 64తో పోటీ గెలిచాడు. మెకిల్‌రాయ్ మూడో స్థానంలో నిలిచాడు. అంటే తప్పు చేయకపోవడం ఒక్కటే చాలదన్నమాట.

మరి సాహసే లక్ష్మీ అందామా? అదీ వీలుకాదు. అదే స్మిత్ 17వ హోల్‌లో ఏం చేశాడో చూడండి. రెండో దెబ్బ గ్రీన్‌కు ఎడమవైపు ముందే ఆగింది. అతనికీ జెండాకూ నడుమ రోడ్ బంకర్. బంతిని గాల్లోకి లేపి బంకర్ మీదుగా జెండా పక్కన దింపడానికి ప్రయత్నించవచ్చు. దిగితే చప్పట్లు, దిగకపోతే నకజిమా గతి. అతడు పట్టర్ అనే కర్రతో బంతిని నేలమీదుగా, బంకర్ పక్కనుంచి చుట్టుతిప్పి గ్రీన్ మీదికి దొర్లించాడు. ఇంకా పదడుగుల దూరం మిగిలింది. ఆ పదడుగులూ వేసి నాలుగుతో బయటపడ్డాడు. గెలుపు తేడా ఒక్క దెబ్బ.

అయిదు హోల్స్‌లో చొరబడినవాడే ఇక్కడ తలవంచి పక్కనుంచి పోయాడు. ఇది ధైర్యమా, పిరికితనమా? రెండూ కాదు, లెక్క. తప్పితే ఎంత పోతుంది, తగిలితే ఎంత వస్తుంది అన్న లెక్క. పోయేది భరించగలిగినంతే అయినప్పుడు చొరబడాలి. పోయేది మొత్తం ఆటే అయినప్పుడు ఒక దెబ్బ వదులుకోవడానికి సిద్ధపడాలి. నా అభిప్రాయమంతా ఈ రెండు వాక్యాలే.

ఈ లెక్క అందరికీ ఒకటి కాదు. 14వ హోల్ చూడండి. మొదటి దెబ్బకు కుడివైపు హద్దు గోడ, ఎడమవైపు బంకర్లు, నడుమ చదునైన పచ్చిక. దానికి గ్రీకుల స్వర్గం పేరిట ఎలీసియన్ ఫీల్డ్స్ అని పేరు. అది దాటితే దారికి అడ్డంగా హెల్ బంకర్, అంటే నరకం. బలవంతుడు నరకం మీదుగా కొట్టేస్తాడు. నడివయసు మనిషి ఎడమకు తిరిగి 5వ హోల్ ఫెయిర్‌వే మీదుగా చుట్టి వస్తాడు. ఇంకొకడు నరకానికి ఇవతలే ఆగి, మరో దెబ్బ పోతే పోయిందనుకుంటాడు. ముగ్గురూ సరైనవారే కావచ్చు. ఒకరి దారి మరొకరు పట్టుకుంటేనే చిక్కు. ఇదే ఊళ్లో 1970లో, 1978లో ఓపెన్ గెలిచిన జాక్ నిక్లాస్ అంతటివాడికి 1995లో ఆ గోతిలో పడి ఈ హోల్ ఒక్కదానికే పది దెబ్బలు పట్టాయి. గైడు పుస్తకం బట్టీపట్టి పరీక్ష గట్టెక్కవచ్చునేమో గాని, వేరేవాడి లెక్కతో ఓల్డ్ కోర్స్ గట్టెక్కలేము.

లెక్క సరిగా వేసుకున్నా గెలుపు ఖాయమని చెప్పను. 1984లో టామ్ వాట్సన్‌కు 17వ హోల్‌లో మొదటి దెబ్బ కోరుకున్న చోటే, కుడివైపునే పడింది. రెండో దెబ్బ గ్రీన్ దాటి, రోడ్డు దాటి, గోడ పక్కన ఆగింది. ఆరో ఓపెన్ విజయం చేజారింది. ఎడమవైపు గడ్డిలో పడి కూడా గ్రీన్ చేరుకున్న సెవె బయెస్తెరోస్ ఆనాడు గెలిచాడు. ఆట అన్నాక అదృష్టానికీ చేతివాటానికీ చోటుంటుంది. వ్యూహం చేసే పని ఒక్కటే: ఓడినా మళ్లీ లేవగలిగేటట్టు ఉంచడం.

లేవడమంటే బాబీ జోన్స్ గుర్తుకువస్తాడు. 1921లో పందొమ్మిదేళ్ల కుర్రవాడుగా వచ్చి, మూడో ఆటలో 11వ హోల్ బంకర్‌లో చిక్కుకుని, విసిగి పోటీ మధ్యలోనే విరమించాడు. ఆ తర్వాత ఇంజనీరింగు పట్టా, సాహిత్యంలో హార్వర్డు పట్టా పుచ్చుకుని, ఏనాడూ డబ్బుకు ఆడకుండా అమెచ్యూర్‌గానే ఉండి, అదే మైదానంలో 1927లో ఓపెన్, 1930లో అమెచ్యూర్ పోటీ గెలిచాడు. 1958లో ఆ ఊరు అతనికి పౌర గౌరవమిచ్చి సన్మానించింది. మైదానం మారలేదు, మనిషి దాన్ని చదవడం నేర్చుకున్నాడు.

ఆ చదువుకే ఇప్పుడొక ముప్పు వచ్చిపడింది. నేటి బంతులూ కర్రలూ ఎంత దూరం పోతున్నాయంటే, గాలి కలిసివస్తే 9, 10, 12, 18 హోల్స్‌లో బలవంతులు ఒక్క దెబ్బకే గ్రీన్ దగ్గరికి చేరుతున్నారు. మధ్యలో ఉన్న గోతులు ఎవరినీ ఏ ప్రశ్నా అడగడం లేదు. 2010 పోటీకి 17వ హోల్‌ను 455 గజాలనుంచి 495కు పెంచవలసి వచ్చింది. ఇట్లా మైదానాలు పెంచుకుంటూ పోతే భూమి ఎక్కడిది, నీళ్లు ఎక్కడివి? బంతి దూరానికి పగ్గం వేసే ప్రమాణాలను ఆటను నడిపే రెండు సంస్థలూ 2023 డిసెంబరులో ప్రకటించాయి. బంతులు తయారుచేసేవారు గొణిగినా, ఆ నిర్ణయం న్యాయమైనదేనని నా అభిప్రాయం. కండబలమొక్కటే అన్ని ప్రశ్నలకూ జవాబయిపోతే అది ఆట కాదు, బస్తాలు మోసే పందెం.

విద్యార్థి మిత్రులారా, మీలో గోల్ఫ్ కర్ర పట్టేవారు బహుశా ఒకరో ఇద్దరో. అయినా రేపు ఎవరైనా మీ ముందు ధైర్యం గురించో, నిదానం గురించో ఉపన్యాసం దంచితే ఒక్క ప్రశ్న వేయండి: 'అయ్యా, బంకర్ ఎక్కడుంది?' దానికి జవాబు చెప్పలేనివాడి సలహా, అది ఏ సామెతతో మొదలైనా, పుచ్చుకోనక్కరలేదు.