మస్టర్ పడని పాట
గోదావరిఖనిలో డప్పు కొట్టేవాళ్లకూ పాట కట్టేవాళ్లకూ కొదవ లేదు. వాళ్లకు దొరకనిదల్లా సెలవే. సింగరేణి గని దిగే బదిలీ వర్కర్ జనరల్ మజ్దూర్ కావాలంటే ఏడాదిలో 190 మస్టర్లు, అంటే హాజరు దినాలు, నిండాలి. పాటల బృందంతో మూడు రోజులు ఊరు దాటితే ఆ మస్టర్లు ఎవరిస్తారు? రాత్రంతా బండిలో కుదుపులు తిని పొద్దున్నే ఫస్ట్ షిఫ్టుకు పరుగు పెట్టాలి. స్టేజీ వెనక గడ్డిమంట మీద డప్పు కాపుకుంటూ, తోలు బిగిసిందో లేదో చిటికెన పుల్లతో కొట్టి చూసుకునేటప్పుడు కూడా మనసు మస్టర్ మీదే ఉంటుంది. 2002లో కామారెడ్డిలో మొదలైన తెలంగాణ ఉద్యమ పాటల వేదిక ధూంధాం ఇలాంటి గొంతులనే ఊరూరా తిప్పింది. రాష్ట్రమొచ్చాక ప్రభుత్వ సంస్థ సాంస్కృతిక సారథిలో 550 మంది కళాకారులకు జీతాలొచ్చాయి. మిగతావాళ్లకు? శాలువాలు. (శాలువాతో చలి ఆగుతుందేమో గానీ ఇంటి కిరాయి తీరదు.) గని పేరుతోనే పాట నిలబడ్డ చోటూ ఉంది: ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో గ్రైమ్‌థార్ప్ బొగ్గుగని పేరుతో 1917లో ఒక బ్యాండు పుట్టింది. 1993లో గని మూతపడినా ఆ బ్యాండు ఇంకా కచేరీలు చేస్తూనే ఉంది. మన దగ్గర గనులు నడుస్తున్నాయి, పాడే గొంతులున్నాయి, లేనిదల్లా కంపెనీ పేరు మోసే ఒక శాశ్వత బృందమే. దసరాకు లాభాల్లో వాటా పంచే కంపెనీకి అదేం మోయలేని బరువు కాదు. ప్రదర్శనకు వెళ్లిన రోజును మస్టరుగా రాయడానికి ఒక్క సర్క్యులర్ చాలు. యూనియన్లు ఈసారి చర్చలకు వెళ్లేటప్పుడు డిమాండ్ల పత్రంలో ఈ ముక్క కూడా చేర్చాలి.