గిత్త గొప్పదైతే తిన్న నోరు తక్కువదా?

సంక్రాంతి సెలవులయినాక మా స్టాఫ్‌రూములో ఒక సారు ఫోన్ తిప్పి అందరికీ చూపించినాడు. బ్రెజిల్లో ఒక తెల్లావు, పేరు వియాటినా-19. 2023లో దాని విలువ 40 లక్షల డాలర్లు దాటింది. "మన ఒంగోలు రక్తం సార్!" అని అందరూ మురిసిపోయినారు. నేను ఒకే మాట అడిగినాను: "అక్కడ ఈ జాతిని దేనికి పెంచుతారు సార్? బండలాగుడు పోటీలకా?" గంట కొట్టకముందే అందరికీ క్లాసులు గుర్తొచ్చినాయి.

కూరకు పెంచుతారు. ఓడలెక్కి పోయిన ఒంగోలు పశువులు అక్కడ మన నెల్లూరు పేరుతో 'నెలోర్' అయినాయి. 1960లలో పోయిన కరవది ఆబోతు సంతానం మందలు మందలుగా పెరిగింది. ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ గొడ్డుమాంసం ఎగుమతి చేసే దేశంలో మాంసపు పశువుల్లో ఎక్కువ భాగం ఈ జాతే.

ఫ్రాన్సులోనూ ఇట్లాంటి తెల్ల పశువుంది, షారోలే. బుర్గుండీలోని షారోల్ ఊరి పేరు మీద వచ్చింది. ముందు నాగలి లాగింది, బండి లాగింది. పని అయిపోయినాక దాన్నే మేపి తిన్నారు. 1864లోనే దాని వంశావళి పుస్తకం రాసుకున్నారు. బ్రెజిల్ వాళ్లు షారోలేను మన దేశపు మూపురం పశువులతో కలిపి కాంచిం అనే మాంసపు జాతినే తయారుచేసినారు. కాడి మోసిన ఎద్దును తిన్నందుకు షారోల్ రైతును ఎవరూ ఊరి బయట పెట్టలేదు.

మన దగ్గర? బతికినన్నాళ్లూ ఎద్దు ఆసామిది, చచ్చినాక మాదిగది. కపిల బానకు తోలు, రైతు కాలికి చెప్పు, జాతరకు డప్పు, అన్నీ ఆ చచ్చిన గొడ్డులోంచి మా తాతలు తీసిచ్చినవే. కూర ఎండబెట్టుకుని కరువులు దాటినారు. తోలు ఊర్లోకి పోయింది, మైల మా గేరిలో మిగిలింది. ఈ ముడిని అంబేడ్కర్ 1948లోనే 'ది అన్‌టచబుల్స్'లో విప్పి చూపించినారు.

"మేం పూజిస్తాం" అంటారు. పూజించండి. కానీ వానల్లేని ఏడు, గడ్డి లేక ఆలూరు రైతు, పులివెందుల రైతు ముసలెద్దును సంతకు తోలుకొస్తే కొనేదెవరు? పూజించేవాళ్లా? పనికిరాదని సర్టిఫికెట్ ఉంటే ఎద్దును కోయొచ్చని 1977 నాటి మన రాష్ట్ర చట్టమే చెప్తోంది. మా నోరు కడితే ముందు పడేది ఆ రైతు ఎద్దు ధర.

కట్టడమే కాదు, కొడతారు కూడా. 2016 ఆగస్టులో అమలాపురంలో, కరెంటు తగిలి చచ్చిన ఆవు తోలు తీస్తున్న దళిత సోదరులిద్దరిని కట్టేసి కొట్టినారు. ఆవును చంపింది కరెంటు. దెబ్బలు మాకు.

సావోపావులోలో తింటే తెలుగువాడి కీర్తి. మా పల్లెలో తింటే పాపం. గిత్త అదే, కూర అదే. మారింది తినేవాడి కులం. సారూ, ఆ ఫోను ఇంకోసారి తిప్పేటప్పుడు ఈ మాట కూడా చదివి వినిపించండి.

జై భీమ్.